పన్నెండో రోజు

"ఎవరు పోయారమ్మా?" అని మా మామగారు అడిగేసరికి వాకిట్లో ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఏడుస్తున్నది ఆయన కోసమే. పక్క ఊళ్ళ నుంచి పదిహేనుమంది ఆడవాళ్ళు ట్రాక్టరు ట్రాలీలో వచ్చారు. పద్ధతి ప్రకారం పొలిమేరలోనే దిగి, ముసుగులు గడ్డాల దాకా లాక్కుని, "ఓ పెద్దదిక్కూ, మమ్మల్నిలా వదిలేసి పోయావా" అని రాగాలు తీస్తూ మా గడప దాకా నడిచొచ్చారు. తీరా వచ్చి చూస్తే ఆ పెద్దదిక్కు గోడకి చేరగిలబడి సజ్జజావ తాగుతున్నారు.

ముందున్న ముసలామె ముసుగు సందులోంచి ఆయన్ని తేరిపార చూసింది. "నువ్వే పోయావని చెప్పారు బాబాయ్" అంది, తప్పంతా తనదే అయినట్టు.

"నేనా?" మామగారు కాసేపు ఆలోచించారు. "ఎవరు చెప్పారు?"

వెనక వరసలో ఎవరికో నవ్వొచ్చింది, దాన్ని దగ్గులోకి తిప్పుకుంది. మా అత్తగారు బర్జీ లేచి, "సరేలే, ఏడ్చింది ఏడ్చారు, కూర్చోండి. టీ తాగి పోదురుగాని" అంది. పోయాడనుకున్న మనిషి ఇంట్లో టీ తాగడం తప్పో ఒప్పో తెలియక వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మామగారు మా కంచన్‌ని పిలిచారు. "మీ అమ్మకి చెప్పు, జావలో ఉప్పు తగ్గిందని."

నేను మూడడుగుల దూరంలో వంటింటి తలుపు వెనకే ఉన్నాను. అయినా ఆ మాట కంచన్ మోసుకురావాలి, నా జవాబు కంచన్ మోసుకుపోవాలి. కోడలి గొంతు మామగారి చెవిన పడకూడదు కదా మరి. ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడి ఎరగను. కంచన్ పుట్టకముందు చిటికె వేసి సైగ చేసేదాన్ని, లేకపోతే గోడకి చెప్పేదాన్ని.

ఇంతకీ ఈ పరువు తక్కువ పనంతా మా ఆయన భెరూలాల్ చేసిందే. మంగళవారం పొద్దున మామగారు ఊపిరాడక కళ్ళు తేలేశారు. నేల అలికి కిందికి దింపాం. నోట్లో గంగాజలం పోశాం. నేల మీదికి దింపిన మనిషిని మళ్ళీ మంచమెక్కించిన ఇల్లు మా ఖేడీ ఊళ్ళో లేదు. ఆ నమ్మకంతోనే మా ఆయన ఫోను పట్టుకుని ఇరవై ఊళ్ళకి కబురు చెప్పేశాడు. మధ్యాహ్నానికి మామగారు కళ్ళు తెరిచి, ఎవరిని చూసీ కాదు, పైకప్పుని చూసి, "ఆకలి" అన్నారు.

ఇవాళ గురువారం. ఇంకా జనం ఏడుస్తూ వస్తూనే ఉన్నారు.

ఆడవాళ్ళని ట్రాలీ ఎక్కించి వచ్చి మా ఆయన వంటింట్లోకి దూరాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంగళవారం ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు. తండ్రంటే ఆయనకి ప్రాణమే.

"జావ ఎవరు పెట్టమన్నారే?" అన్నాడు.

"ఆకలన్నారు, పెట్టింది మీ కూతురు. వెళ్ళి దాన్నే అడగండి, మా నాన్నకి తిండెందుకు పెట్టావని."

"ఆ మాట నేనన్నానా? నా అవస్థ నీకేం తెలుసు. పంచదార బస్తాలు దింపించేశాను. వంటవాళ్ళకి చెప్పేశాను. పోఖర్‌జీకి కబురందింది. పన్నెండో రోజుకి పిల్లవాణ్ణి తీసుకొచ్చేస్తానన్నాడు. ఇప్పుడు ఆయనకేం చెప్పను?"

"మా నాన్న చావలేదు, క్షమించండి అని చెప్పండి."

చెయ్యెత్తాడు. ఏమనుకున్నాడో, ఆ చేత్తోనే తలపాగా సర్దుకున్నాడు.

మా దగ్గర పెద్దవాళ్ళు పోతే పన్నెండో రోజున కులమంతా వచ్చి తినిపోతుంది. మౌసర్ అంటాం. ఆ పందిట్లోనే, ఆ వంటలతోనే ఇంట్లో ఆడపిల్లకి పెళ్ళి కూడా జరిపించేస్తారు. చావు మైల మీద శుభం పడుతుందని పెద్దవాళ్ళు అంటారు. అఖాతీజ్ పండక్కయితే, అదే అక్షయ తృతీయకి, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు పట్టుకోడానికి పోలీసు జీపులు తిరుగుతాయి. చావుభోజనానికి జీపు ఎవడు పంపిస్తాడు? కంచన్‌కి పదమూడు. పోఖర్‌జీ మనవడికి పదిహేడు. మామగారి ఊపిరి మీద ఆ ముహూర్తం పెట్టుకుని రెండు నెలలైంది.

"అది ఎనిమిదో తరగతి చదువుతోందండీ" అన్నాను. నాకే విసుగొచ్చిన మాట, వెయ్యోసారి అన్నాను.

"తరవాతేం చేస్తుంది? తొమ్మిదో తరగతికి పట్నం పోవాలి. ఆ లారీల రోడ్డమ్మట రోజూ ఎవడు తోడెళ్తాడు? నువ్వెళ్తావా ముసుగేసుకుని? ఏదన్నా జరిగితే నలుగురిలో తలెత్తుకోగలనా?"

"ఏమీ జరక్కముందే..."

"మంచి సంబంధాలన్నీ పదేళ్ళకీ పన్నెండేళ్ళకీ కుదిరిపోతున్నాయి. పద్దెనిమిది దాకా కూర్చోబెడితే మనకి మిగిలేదెవడు? రెండో పెళ్ళివాడు. అప్పుడు నువ్వే నా పీక పట్టుకుంటావు, ముందే ఎందుకు చెయ్యలేదని." ఆయన గొంతు తగ్గింది. "మా చెల్లి పెళ్ళి మా తాత పన్నెండో రోజున కాలేదా? నీ పెళ్ళి మీ నాయనమ్మ పన్నెండో రోజున కాలేదా? అందరం అలాగే బతికాం. చచ్చిపోయామా?"

నాకప్పుడు పదకొండేళ్ళు. పదిహేనుకి కాపురానికొచ్చాను. పదహారుకి పుట్టిన నా మొదటి పిల్ల మూడు రోజులు బతికింది. ఆయనకీ ఆ మాట గుర్తొచ్చిందనుకుంటాను, మొహం తిప్పుకున్నాడు. ఆ కోపం తనమీదో నామీదో తెలియక మళ్ళీ నామీదే చూపించాడు.

"చూడు ధాపూ. ఒక్కసారే చెప్తాను. మగవాళ్ళ మధ్యలో దీని గురించి నీ నోరు లేచిందంటే, మీ పుట్టింటి బస్సెక్కిస్తాను. మళ్ళీ ఈ గడప తొక్కవు."

తిరిగి చూస్తే గుమ్మంలో కంచన్ నిలబడి ఉంది, ఖాళీ గిన్నె పట్టుకుని.

"తాత ఇంకొంచెం జావ అడుగుతున్నాడు" అంది.

* * *

కంచన్ చేసే సేవ చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. మందుబిళ్ళలు ఏవెప్పుడో తలుపు మీద సుద్దతో రాసుకుంది. బడికి పోయేముందు ఒళ్ళంతా ఆవనూనె పట్టించేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి కూడా దించకుండా తాత గుండె మీద చెయ్యి వేసి చూసేది. మేకపాలు పలచన చేసి చెంచాతో పోసేది. ఆయన వద్దంటే, "ఒక్కటి, ఇదొక్కటే" అని బతిమాలేది. నా కడుపున ఇంత బుద్ధిమంతురాలు పుట్టిందా అని మురిసిపోయాను.

శుక్రవారం ఇద్దరం చేతిపంపు దగ్గర తాత పక్కబట్టలు ఉతుకుతున్నాం. అది పంపు కొడుతోంది, నేను జాడిస్తున్నాను.

"అమ్మా, తాతకెన్నేళ్ళు?"

"ఎనభై ఉండొచ్చు. ఎవరు రాసిపెట్టారు."

"మందులు మానకపోతే ఇంకా చాలా ఏళ్ళుంటాడన్నాడు కాంపౌండరు. గుండె గట్టిదేనంట. ఊపిరితిత్తులే బాలేవంట. చిలుం మానాలంట."

"నువ్వెందుకడిగావే అవన్నీ?"

పంపు కొట్టడం ఆపలేదు. నా వైపు చూడలేదు. "అయిదేళ్ళుంటే చాలు. అప్పటికి నాకు పద్దెనిమిదొస్తాయి."

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. నీళ్ళు నా లంగా మీంచి కారిపోతున్నాయి.

"తాతంటే ఇష్టం లేక కాదు" అంది గబగబా. "ఇష్టమే. నిజంగా ఇష్టమే. కానీ ఇది కూడా ఉంది."

ఏమనను? తల్లిని కదా, ఏదో ఒకటి చెప్పాలి. ఒక ముసలి మనిషి ఊపిరికి కాపలా కాసే పని పిల్లకి వదిలేసి నేను రొట్టెలు కాల్చుకుంటున్నాను. ఏడిస్తే అదీ ఏడుస్తుందని దుప్పటి గట్టిగా పిండాను.

"చిలుం దాచేశాను" అంది కంచన్. "నువ్వు చెప్పకు."

"చెప్పను" అన్నాను.

* * *

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళం శనగల్లో రాళ్ళేరుతున్నాం. చావుభోజనానికి తెప్పించిన శనగలే. చావు లేకపోయినా రాళ్ళు తీయక తప్పదు కదా.

"పిల్లకి నువ్వే నూరిపోస్తున్నావు" అంది అత్తగారు.

"నేనేం నూరిపోయలేదత్తా. దానికి కళ్ళున్నాయి."

ఆమె చేతిలో చేట కదులుతోంది.

"నా పెళ్ళి నాకు గుర్తులేదు" అంది తరవాత. "ఏడేళ్ళు. మా పెదనాన్న మౌసర్. చేతిలో లడ్డూ పెట్టి కూర్చోబెట్టారంట, సగం తిని నిద్రపోయానంట. ఒక్కటి గుర్తుంది. మర్నాడు పొద్దున మా అమ్మ నవ్వింది. 'ఒకదాని దిగులు తీరింది' అని పక్కింటామెతో అంటూ నవ్వింది. మా అమ్మ నవ్వగా నేను చూసింది ఆ ఒక్కరోజే."

నేను ఏరడం ఆపాను.

"నా కూతుళ్ళకీ అలాగే చేశాను. అప్పుడు నాకూ దిగులు తీరుతుంది, నేనూ నవ్వుతానని కాబోలు."

"నవ్వారా?"

"ఏమోనే. ఆ అంట్లు తోముకునేసరికి తెల్లారింది."

ఆమె మీద ఇన్నేళ్ళు నాకున్న కోపం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ దాని పక్కన జాలి కూడా వచ్చి కూర్చుంది. ధైర్యం చేసి అడిగాను. "ఈ ఒక్కసారికి ఆపండి అత్తా. మీరు చెప్తే మామగారు వింటారు."

"నేను చెప్తేనా?" ఆమెకి నవ్వొచ్చింది. "అరవై ఏళ్ళ కాపురంలో ఆయన నన్నడిగింది ఒక్కటే. నా చెప్పులెక్కడున్నాయని." చేటలో రాయి తీసి పారేసింది. "అంతెందుకు. ముసలాయన్ని జాగర్తగా చూసుకో. ఆయన ఉన్నన్నాళ్ళూ ముహూర్తం లేదు. ముహూర్తం లేనన్నాళ్ళూ పిల్ల నీదే. అంతకంటే మనకేం చేతనవును?"

ఆ మాటనే పట్టుకున్నాను. మామగారికి ఆ రాత్రి జావలో నెయ్యి వేశాను. ఈ ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరమూ ఒకటే కోరుకుంటున్నాం, ఒకటే పని చేస్తున్నాం అనుకుంటే నాకు కొంచెం ఊపిరాడింది.

* * *

ఆదివారం పొద్దున పోఖర్‌జీ వచ్చాడు. ఆరుగురు మగవాళ్ళతో వచ్చాడు. ఏడవడానికి కాదు, కబురు సంగతి తేల్చుకోడానికి.

మామగారు తెల్ల తలపాగా చుట్టుకుని మంచం మీద కూర్చున్నారు. తలపాగా చుట్టింది కంచనే. అయిదు రోజుల్లో బుగ్గలు నిండాయి. నేనూ అత్తగారూ వంటింటి తలుపు చాటున టీ కాస్తున్నాం.

"నీ చావుకని కొత్త చెప్పులు కొన్నాను బావా" అన్నాడు పోఖర్‌జీ. "చూస్తే నాకంటే గట్టిగా ఉన్నావు."

అందరూ నవ్వారు. మామగారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. "నాదే పొరపాటు. తొందరపడి ఫోన్లు చేశాను."

"చేశావు, బాగానే ఉంది. పిలిచిన జనానికి అన్నం పెట్టకుండా ఎలాగయ్యా? సరుకు దింపేశావంట. ఊరు నవ్వదూ? మావాడికి వేరే సంబంధాలు వస్తున్నాయి. నువ్వు మాటిచ్చావని ఆగాను. ఇంకెన్నేళ్ళు ఆగమంటావు?" పోఖర్‌జీ ఆగి, మామగారి వైపు చూసి, "నిన్ను పొమ్మనడం లేదు బావా, తప్పుగా అనుకోకు" అన్నాడు.

"ఇందులో తప్పేముంది" అన్నారు మామగారు. "నేనూ అదే ఆలోచిస్తున్నాను. నేను పోయేదాకా ఆగడం ఎందుకసలు?"

కెటిల్ దగ్గర అత్తగారి చెయ్యి ఆగింది.

"మా చిన్నతాత బతికుండగానే తన మౌసర్ తను చేసుకున్నాడు. కొడుకుల్లేరు, తరవాత చెయ్యరేమోనని. అయిదూళ్ళ జనానికి తన చేత్తో లడ్డూలు వడ్డించాడు. నేను చిన్నవాణ్ణి, కళ్ళారా చూశాను. కొడుకున్నవాడు చేసుకోకూడదని ఎక్కడుంది? నా పన్నెండో రోజు నేనే చేసుకుంటాను. వచ్చే ఏకాదశికి పెట్టెయ్యండి."

"నాన్నా!" మా ఆయన తలెత్తాడు. ఆయన మీంచి ఎంత బరువు దిగిందో తలుపు చాటు నుంచే తెలిసింది.

"కంచన్ ఏదీ? ఇలా రామ్మా."

కంచన్ టీ పళ్ళెంతో వెళ్ళింది. మామగారు చెయ్యి చాచి, కంటిచూపు సరిగా లేక గాల్లో తడుముకుని, దాని తల మీద పెట్టారు.

"ఈ పిల్ల లేకపోతే నేను మంగళవారమే బూడిద. నేల మీంచి నన్ను లేపింది ఇది. కన్నకొడుకు నా చావుకబురు చెప్పుకుంటుంటే ఇది నా నోట్లో పాలు పోసింది." మా ఆయన మళ్ళీ తల దించుకున్నాడు. మామగారు దాని తల నిమిరారు. "దీని రుణం ఎలా తీర్చుకోను? నేను పోయాక పెళ్ళైతే నేను చూడను కదా. నా చేతుల మీదుగా చేస్తాను. కళ్ళారా చూసి పంపిస్తాను."

ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. మనస్ఫూర్తిగా అంటున్నారు. తన దగ్గరున్న దాంట్లో అన్నిటికంటే మంచిది తీసి దానికిస్తున్నారు. ఒక్కడైనా దుర్మార్గుడుంటే తిట్టుకుని తేలికపడేదాన్ని. ఆ వాకిట్లో ఒక్కడూ లేడు.

కంచన్ కదల్లేదు. పళ్ళెంలో గ్లాసులు మాత్రం చిన్నగా మోగుతున్నాయి.

"పిల్ల తల్లిని కూడా ఒక మాట అడుగు బావా" అన్నాడు పోఖర్‌జీ. మర్యాదకి అనే మాట అది. పెళ్ళి మాటల్లో అందరూ అంటారు, జవాబు కోసం ఎవరూ చూడరు.

"కంచన్, మీ అమ్మనడిగి రా" అన్నారు మామగారు. "తాత ఏకాదశికి ముహూర్తం పెడుతున్నాడు, నీకు సమ్మతమేనా అని."

అది లోపలికొచ్చింది. పళ్ళెం కింద పెట్టింది.

"తాత అడగమన్నాడు" అంది. అక్కడితో ఆగిపోయింది.

"విన్నాను. వెళ్ళి చెప్పు. అమ్మ ఒప్పుకోనంది అని చెప్పు. అంతే. ఇంకేం కలపకు."

అత్తగారు నావైపు చూసింది. వద్దనలేదు, కానీ అవునని కూడా అనలేదు. కెటిల్ దించి పక్కన పెట్టింది.

కంచన్ వెళ్ళింది. తలుపు సందులోంచి దాని వీపు, రిబ్బను కట్టిన జడ కనిపిస్తున్నాయి. మగవాళ్ళ మధ్యలో నిలబడింది. తండ్రి వైపు చూసింది. తాత వైపు చూసింది. ఆయన నోరు కొంచెం తెరుచుకుని, చెవి ఇటు పెట్టి, చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నారు.

"అమ్మ సరేనంది తాతా" అంది కంచన్.

"మంచిది! మంచిది!" అన్నాడు పోఖర్‌జీ. ఎవరో బెల్లం తెమ్మన్నారు. మా ఆయన అయిదు రోజుల తరవాత మొదటిసారి ఒళ్ళు వదులు చేసి కూర్చున్నాడు.

అది లోపలికి రాగానే భుజం పట్టుకుని గోడకేసి నిలబెట్టాను. "ఏమన్నానే నేను? ఏం చెప్పావే నువ్వు?"

"నాన్న నిన్ను బస్సెక్కిస్తానన్నాడుగా. విన్నాను."

"ఎక్కిస్తే ఎక్కించనీ! నీకెందుకది?"

"పెళ్ళయ్యాక కూడా ఎప్పుడో ఒకప్పుడు నేనిక్కడికి రావాలి కదా అమ్మా." నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెబుతోంది. "నువ్విక్కడ లేకపోతే నేనెవరి దగ్గరికి రాను?"

పదమూడేళ్ళ పిల్ల. నిన్నటిదాకా తాత ఊపిరి లెక్కపెట్టుకుంది. ఆ లెక్క తప్పేసరికి క్షణంలో ఇంకో లెక్క వేసుకుంది. నేనూ ఇంతే, మా అత్తగారూ ఇంతే. దీన్ని మాకెవరూ నేర్పలేదు, దానికి నేనూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది, నన్ను చూసి.

దాని భుజం వదిలేశాను. ముసుగు సర్దుకున్నాను.

"కోడలా, ఎక్కడికి?" అత్తగారు నా ఓఢ్నీ చెంగు పట్టుకుంది. నేను ఆగలేదు. రెండడుగుల దాకా పట్టుకునే ఉంది. గడప దగ్గర వదిలేసింది.

వాకిట్లోకి వచ్చాను. మగవాళ్ళు నన్ను చూసి మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు, అంట్ల కోసం వచ్చాననుకున్నట్టున్నారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. "లోపలికి పో" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

ఎంత గట్టిగా మాట్లాడాలో కూడా నాకు తెలియదు.

"మామగారూ," అన్నాను, "పిల్ల చెప్పింది నా మాట కాదు. నేను ఒప్పుకోను."

బెల్లం ముక్క నోటిదాకా తీసుకెళ్ళిన మామగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన ఆ మసక కళ్ళతో నావైపు చూశారు, నా వెనకే వచ్చిన కంచన్ వైపు చూశారు, వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారి వైపు చూశారు.

"ఎవరమ్మా అది?" అన్నారు. "ఎవరిదా గొంతు?"